ఎర్ర దీపాన్ని నమ్మవచ్చు, పచ్చ దీపాన్ని కాదు

2012 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, టెనెసీ రాష్ట్రంలోని చెరోకీ లేక్‌లో పడవల రేవు పక్కన ఈదుతున్న ఇద్దరు పిల్లలు ప్రమాదానికి గురై చనిపోయారు. ఒకరికి 10 ఏళ్లు, ఇంకొకరికి 11. అదే రోజు మిసోరీ రాష్ట్రంలోని లేక్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో 13 ఏళ్ల అక్క, 8 ఏళ్ల తమ్ముడు మరో రేవు దగ్గర ప్రాణాలు విడిచారు. ఈ నాలుగు మరణాలకూ కారణం రేవు దగ్గర నీటిలోకి కారిన కరెంటు. అంతకు 13 ఏళ్ల ముందు, 1999లో, ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఒక 8 ఏళ్ల బాలుడు కూడా ఇలాగే పోయాడు. అతని ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది. లైఫ్ జాకెట్ వేసుకున్నవాడు మునిగిపోడు కదా, మరి ప్రాణం ఎలా పోయింది? ఈ ప్రశ్నే చాలామందిని మొదటిసారిగా నీటిలోని కరెంటు వైపు చూసేలా చేసింది.

అంతకు ముందు ఇలాంటి మరణాలు జరగలేదని కాదు. జరిగినా వాటిని గుర్తుపట్టలేదు. తీగ పట్టుకుని చనిపోయినవారి చేతి మీద తరచుగా కాలిన మచ్చ ఉంటుంది, ఎందుకంటే కరెంటంతా ఆ చిన్న చోటు గుండానే లోపలికి దూరుతుంది. నీటిలో ఉన్న మనిషికి ఒళ్లంతా నీరు తగులుతూనే ఉంటుంది కాబట్టి కరెంటు ఒళ్లంతా పరుచుకుని ప్రవేశిస్తుంది, ఎక్కడా మచ్చ పడదు. కండరాలు బిగుసుకుపోయి కాళ్లూ చేతులూ ఆడకపోతే మనిషి మునుగుతాడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పోస్టుమార్టం చేసే డాక్టరుకు కనిపించేది ఆ నీరే. ‘నీట మునిగి మృతి’ అని రాసేస్తారు. అందుకే ఏ దేశంలోనూ ఈ మరణాల లెక్క నమ్మదగినది కాదు. అసలు సంఖ్య నమోదైనదాని కంటే ఎక్కువే ఉండాలి.

ఇలాంటి ఘటనల మీద ప్రచారం పెరిగాక అమెరికా మార్కెట్లోకి చిన్న చిన్న పరికరాలు వచ్చాయి. కొన్ని నీటి మీద తేలతాయి, కొన్నింటిని రేవు గుంజకు బిగిస్తారు, కొన్నింటిని చేత్తో పట్టుకుని నీటిలో ముంచి చూస్తారు. నీటిలో ప్రమాదకరమైన కరెంటు ఉంటే ఎర్ర దీపం వెలుగుతుంది, పెద్దగా మోగుతుంది. లేకపోతే పచ్చ దీపం. సరస్సు ఒడ్డున ఇల్లున్నవాళ్లకు ఇది వరంలా కనిపించడం సహజం. అట్లాంటా చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు లేక్ లేనియర్ బాగా తెలిసిన చోటు. అక్కడ కూడా 2023 జూలైలో రేవు మీది నుంచి నీటిలోకి దూకిన ఒక యువకుడు కరెంటు షాక్‌తోనే చనిపోయాడు. మరి ఆ పరికరం ఒకటి కొనుక్కుని, పచ్చ దీపం చూసుకుని, పిల్లల్ని నీటిలోకి దింపవచ్చా? దింపకూడదు. పరికరం నాసిరకమని కాదు. అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో, మనం ఏ ప్రశ్న అడుగుతున్నామో చూస్తే ఆ రెండూ వేరని తెలుస్తుంది.

కరెంటు నీటిలోకి ఎలా చేరుతుంది

రేవుకు కట్టిన పెద్ద పడవలో ఇంట్లో ఉండేవన్నీ ఉంటాయి: ఫ్రిజ్, ఏసీ, గీజరు, బ్యాటరీ ఛార్జరు. వీటికి కరెంటు ఒడ్డు మీది పెట్టె నుంచి లావుపాటి కేబుల్ ద్వారా వస్తుంది. అమెరికాలో అది మామూలుగా 120 వోల్టులు. కేబుల్‌లో ఒక వైరు కరెంటును తెస్తుంది, ఒకటి తిరిగి తీసుకుపోతుంది, మూడోది ఎర్తింగ్. పడవలోని గీజరు కాయిల్ పాడైందనుకుందాం. కరెంటు దాని లోహపు ఒంటికి తగులుతుంది. పడవలోని లోహ భాగాలన్నీ ఎర్తింగ్ వైరుకు కలిపే ఉంటాయి కాబట్టి ఆ కరెంటు ఎర్తింగ్ దారిన ఒడ్డుకు వెళ్లిపోతుంది. లీకేజీ పెద్దదైతే బ్రేకరు పడిపోతుంది. ఇక్కడి వరకు ప్రాణాపాయం లేదు. ఇప్పుడు ఆ ఎర్తింగ్ వైరు ఎక్కడో తుప్పు పట్టి తెగిందనుకుందాం. రేవుల దగ్గర ఎప్పుడూ తేమ, కేబుళ్లకు ఎప్పుడూ కుదుపులు. కాబట్టి ఇది అరుదైన విషయం కాదు. అలా తెగినప్పుడు పడవ అడుగున ఉన్న ప్రొపెల్లరు, దాని ఇరుసు, నీటిలో మునిగి ఉన్న ప్రతి లోహపు ముక్క లైవ్ అయిపోతాయి. కరెంటుకు మిగిలిన దారి నీరే.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. కరెంటు భూమిలోకి ఇంకిపోతుందని, భూమి దాన్ని మింగేస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. కరెంటు ఎక్కడి నుంచి బయలుదేరిందో అక్కడికే తిరిగి చేరాలి. ఇక్కడ ఆ చోటు ఒడ్డు మీది ట్రాన్స్‌ఫార్మర్. దాని న్యూట్రల్‌ను నేలలో ఎర్త్ చేసి ఉంటారు. పడవ నుంచి నీటిలోకి దిగిన కరెంటు నీటి గుండా, సరస్సు అడుగు మట్టి గుండా, ఎర్త్‌కు కలిసి ఉన్న రేవు ఇనుప చట్రం గుండా, మెట్ల గుండా ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను వెతుక్కుంటూ పోతుంది. నీటి దారిలో నిరోధం ఎక్కువ కాబట్టి పారే కరెంటు కొద్దిపాటిదే, 30 ఆంపియర్ల బ్రేకరు దాన్ని గుర్తించనే గుర్తించదు. గీజరు నీళ్లు కాగుతూనే ఉంటాయి, ఫ్రిజ్ తిరుగుతూనే ఉంటుంది. పడవ యజమానికి అనుమానం రావడానికి ఏ ఆధారమూ ఉండదు. రెండు లోపాలు ఒకేచోట కలిస్తేనే ప్రమాదం అన్నది నిజమే. అయితే మొదటి లోపం బయటపడదు కాబట్టి అది రెండో దాని కోసం ఎన్నాళ్లయినా కాచుకుని ఉంటుంది.

సముద్రంలో ఎందుకు కాదు, సరస్సులో ఎందుకు

ఉప్పునీటిలో కరెంటు బాగా పారుతుందని స్కూల్లోనే చదువుకున్నాం. అలాంటప్పుడు సముద్రపు రేవుల్లోనే ఎక్కువమంది చనిపోవాలి. జరుగుతున్నది అందుకు విరుద్ధం. ఈ మరణాలు దాదాపు అన్నీ మంచినీటి సరస్సుల్లో, నదుల్లో జరిగినవే. ఈ చిక్కుముడి విప్పితే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

కొద్దిగా వాలుగా ఉన్న గట్టినేల మీద నీళ్లు పలుచగా పారుతున్నాయనుకోండి. ఆ నేలలో వాలు వెంట ఒక పిల్లకాలువ తవ్వితే అటూ ఇటూ పారుతున్న నీళ్లు కూడా వచ్చి అందులో పడతాయి. మంచినీటిలో ఉన్న మనిషి ఒళ్లు కరెంటుకు ఆ పిల్లకాలువ. మన రక్తం, కండరాలు ఉప్పుతో కూడిన ద్రవాలతో నిండినవి. సరస్సు నీటి కంటే వాటిలో కరెంటు ఎన్నో రెట్లు సులువుగా పారుతుంది. అందుకే చుట్టుపక్కల నీటిలో పలుచగా పరుచుకుని పోతున్న కరెంటు మనిషి దగ్గరికి వచ్చేసరికి ఒంట్లోకి మళ్లుతుంది. సముద్రపు నీటి వాహకత మంచినీటి కంటే కొన్ని వందల రెట్లు, మన ఒంటి కంటే కూడా సుమారు పది రెట్లు ఎక్కువ. అక్కడ ఒళ్లే మెరక. కరెంటు దాన్ని చుట్టుకుని పక్క నుంచి పోతుంది. పైగా అంత సులువైన దారి ఉన్న చోట వాలు నిలవదు. పడవ దగ్గరి వోల్టేజీ కొద్ది దూరంలోనే చదునైపోతుంది.

ఈ వాలు అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే పరికరం కొలిచేది దాన్నే. నీటిలో ఒక చోట వోల్టేజీ ఎంత ఉందన్నది ఈతగాడికి ముఖ్యం కాదు. అతని తల దగ్గర ఎంత ఉంది, పాదాల దగ్గర ఎంత ఉంది, ఆ రెండిటికీ తేడా ఎంత అన్నదే ముఖ్యం. ఆ తేడానే ఒంట్లో కరెంటును నడుపుతుంది. లీకవుతున్న ప్రొపెల్లరు దగ్గర ఈ వాలు నిటారుగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. లోతైన నీటిలో దూరం రెట్టింపైతే వాలు సుమారుగా నాలుగో వంతుకు పడిపోతుంది. కరెంటు తిరిగి చేరే చోట, అంటే ఎర్త్‌కు కలిసిన ఇనుప మెట్ల దగ్గర, వాలు మళ్లీ నిటారుగా లేస్తుంది. జివ్వుమనగానే మనిషి ముందు పరుగెత్తేది ఆ మెట్ల వైపే. చెయ్యి మెట్టు మీద, కాళ్లు నీటిలో ఉన్న ఆ క్షణం మిగతా ఈతంతటి కంటే ప్రమాదకరం కావచ్చు.

ఎంత కరెంటు చాలు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో పనిచేసిన చార్లెస్ డాల్జియెల్ అనే ఇంజనీరు ఈ ప్రశ్నకు జవాబు మనుషుల మీదే వెతికాడు. స్వచ్ఛందంగా వచ్చిన 134 మంది పురుషులు, 28 మంది స్త్రీల చేతికి తీగ ఇచ్చి, కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ, ఎంత దగ్గర వారు ఆ తీగను వదిలేయలేకపోతారో కొలిచాడు. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఏ నైతిక సంఘమూ అనుమతి ఇవ్వదు, అయినా షాక్ నుంచి కాపాడే పరికరాల హద్దులు చాలావరకు అలాంటి అంకెల మీదే నిలబడి ఉన్నాయి. పురుషుల్లో సగటున 16 మిల్లీ ఆంపియర్ల దగ్గర, స్త్రీలలో 10.5 దగ్గర చెయ్యి స్వాధీనం తప్పింది. 230 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల బల్బు సుమారు 260 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. చెయ్యి బిగుసుకుపోవడానికి సగటున అందులో పదిహేనో వంతు కూడా అక్కర్లేదు.

తీగ పట్టుకున్నవాడి చెయ్యి బిగుసుకుంటే ఇంకొకరు వచ్చి స్విచ్ ఆపే అవకాశం ఉంటుంది. ఈదుతున్నవాడి కాళ్లూ చేతులూ బిగుసుకుంటే అతనికి మిగిలేవి కొన్ని సెకన్లే. అరవడానికి ఊపిరి తీసుకునే కండరాలు కూడా బిగుసుకుంటాయి కాబట్టి చాలాసార్లు అరుపు కూడా వినిపించదు. లైఫ్ జాకెట్ ఉన్న బాలుడి విషయమూ ఇంతే. తేలుతూ ఉన్నా ఊపిరి ఆడాలి, గుండె లయ తప్పకుండా కొట్టుకోవాలి.

అమెరికా కోస్ట్ గార్డ్ ఇచ్చిన నిధులతో కెప్టెన్ డేవిడ్ రిఫ్కిన్, జేమ్స్ షేఫర్ అనే నిపుణులు నీటిలో లీకేజీ మీద చేసిన పరిశీలన 2008లో వెలువడింది. ఈ రంగంలో పనిచేసేవారు తరచుగా చెప్పే హద్దు మంచినీటిలో అడుగుకు 2 వోల్టుల వాలు. వినడానికి చాలా చిన్న అంకె. కానీ ఆరడుగుల మనిషి ఆ వాలు వెంట చాచుకుని ఈదుతుంటే తలకీ పాదాలకీ మధ్య 12 వోల్టులు పడతాయి. పొడి చర్మం ఇచ్చే అడ్డు నీటిలో దాదాపు ఉండదు. ఒంటి నిరోధం కొన్ని వందల ఓమ్‌లకు దిగిపోతుంది. ఫలితంగా 30 మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కల కరెంటు పారుతుంది. కారు బ్యాటరీని చేత్తో ముట్టుకుంటే ఏమీ కాదు కదా అని అడగవచ్చు. అక్కడ పొడి చర్మం ఉంది, ఇక్కడ లేదు, తేడా అంతే.

[పెట్టెలో] మిల్లీ ఆంపియర్లు, వాటి పని

1 దగ్గర: జివ్వుమని తెలుస్తుంది.
5 దగ్గర: అమెరికా ఇళ్లలో స్నానాల గది సాకెట్లకు పెట్టే రక్షణ పరికరం కరెంటును ఆపేస్తుంది.
10 నుంచి 16: కండరాలు మాట వినవు. ఈదుతున్నవారు ఇక ఈదలేరు.
30: మన ఇళ్లలో లీకేజీని పట్టి లైనును కోసేసే ఆర్‌సీసీబీ పడిపోయే హద్దు. ఇంత కరెంటు కొనసాగితే ఊపిరి కండరాలు బిగుసుకుపోవచ్చు.
సుమారు 100: గుండె లయ తప్పి కంపించడం మొదలుపెడుతుంది, రక్తం పంపదు.

పరికరం లోపల ఏముంది

మన ఎలక్ట్రీషియన్ జేబులో ఉండే టెస్టర్‌ను నీటిలో ముంచి చూస్తే చాలదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. చాలదు సరికదా, అది తప్పుదారి పట్టిస్తుంది. టెస్టర్‌లోని నియాన్ దీపం వెలగాలంటే కొన్ని పదుల వోల్టులు కావాలి. అడుగుకు 2 వోల్టులంటే ఈతగాడి ప్రాణం తీయగల వాలు, అయినా అది టెస్టర్‌కు కనిపించకపోవచ్చు. పైగా టెస్టర్ చూసేది ఒక చోటికీ దాన్ని పట్టుకున్న మనిషి ఒంటికీ మధ్య తేడాను. నీటిలో రెండు చోట్ల మధ్య ఉన్న వాలు దానికి అంతుపట్టదు.

నీటి కోసం చేసిన పరికరంలో కనీసం రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. వాటి మధ్య దూరం స్థిరం. రెండూ నీటిలో మునిగి ఉన్నప్పుడు వాటి మధ్య ఎంత వోల్టేజీ తేడా ఉందో లోపలి సర్క్యూట్ కొలుస్తుంది. అంటే ఈతగాడి తల, పాదాల బదులు రెండు లోహపు మొనలు నీటిలో నిలబడి ఉన్నాయన్నమాట. అయితే నీటిలో ఎప్పుడూ ఏదో ఒక వోల్టేజీ ఉంటూనే ఉంటుంది. అల్యూమినియం, కంచు, ఉక్కు ఒకే నీటిలో ఉంటే వాటి మధ్య బ్యాటరీలో లాగే చిన్న డీసీ వోల్టేజీ పుడుతుంది. పడవల అడుగు తుప్పు పట్టేది దాని వల్లనే, ఆ డీసీని కొలవడానికి వేరే మీటర్లున్నాయి. మన పరికరం దాన్ని పక్కకు నెట్టి, సెకనుకు 60 సార్లు ఊగే ఏసీని మాత్రమే ఏరుకోవాలి. మన దేశంలోనైతే 50 సార్లు. ఏరుకున్నది నిర్ణయించిన హద్దు దాటితే ఎర్ర దీపం. హద్దును బాగా కిందికి పెడితే దగ్గరలోని లైన్ల వల్ల నీటిలో పుట్టే స్వల్ప ఏసీకి కూడా మోగుతుంది, నాలుగు రోజుల్లో జనం దాన్ని ఆపేసి అటక మీద పెడతారు. బాగా పైకి పెడితే మోగాల్సినప్పుడు మోగదు. ఈ హద్దు ఎక్కడ పెట్టాలన్నది తయారీదారు తీసుకునే నిర్ణయం. కొనేవారు ముందు అడగాల్సింది దాని గురించే.

ఇంకో చిక్కు దిక్కుకు సంబంధించినది. వాలు ఉత్తర దక్షిణాలుగా ఉండి, రెండు ఎలక్ట్రోడ్లు సరిగ్గా తూర్పు పడమరలుగా నిలిస్తే వాటి మధ్య తేడా దాదాపు సున్నా. ప్రమాదం పక్కనే ఉన్నా పచ్చ దీపమే వెలుగుతుంది. ఒకే జత ఎలక్ట్రోడ్లున్న పరికరాన్ని నీటిలో అన్ని దిక్కులకూ తిప్పి చూడాల్సింది అందుకే. రెండు మూడు జతలను వేర్వేరు దిక్కుల్లో పెట్టిన పరికరానికి ఈ లోపం చాలావరకు ఉండదు.

పచ్చ దీపం చెప్పనివి

ఎర్ర దీపం వెలిగితే అది ఒక వాస్తవాన్ని చెబుతోంది: ఈ చోట, ఈ క్షణాన, నీటిలో ఏసీ ఉంది. దాన్ని పట్టించుకుని నీటి జోలికి పోకపోవడం వల్ల జరిగే నష్టమంటూ ఏదీ లేదు. అది తప్పుడు హెచ్చరిక అయినా పోయేది ఒక సాయంత్రపు ఈత. పచ్చ దీపం సంగతి వేరు. ఈ చోట, ఈ క్షణాన, ఈ దిక్కులో, హద్దును మించిన ఏసీ కనిపించలేదని మాత్రమే అది చెబుతోంది. మనం తెలుసుకోవాలనుకున్నది పిల్లలు నీటిలో ఉండే రాబోయే గంట గురించి, వాళ్లు ఈదే ఆ చుట్టుపక్కలంతటి గురించి. ఆ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ.

ముందుగా కాలం సంగతి. పడవలోని గీజరు థర్మోస్టాట్ మీద నడుస్తుంది. నీళ్లు కాగిపోతే ఆగుతుంది, చల్లారితే మళ్లీ మొదలవుతుంది. లోపం ఆ కాయిల్‌లో ఉంటే కరెంటు నీటిలోకి దిగేది అది నడుస్తున్నప్పుడే. ఏసీ, ఛార్జరు, పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు కూడా వాటంతట అవే మొదలై వాటంతట అవే ఆగేవి. ఒక్క నిమిషం కొలిచి పచ్చ దీపం చూసి, మరుసటి నిమిషం పిల్లవాడు దూకేసరికి పక్క పడవలో థర్మోస్టాట్ టక్కుమనవచ్చు. లేదా కొత్త పడవ ఒకటి వచ్చి కేబుల్ తగిలించుకోవచ్చు. చీకటి పడగానే రేవు దీపాలు వాటంతట అవే వెలిగినా అంతే.

ఇక చోటు. లీకేజీ ఉన్న చోటు నుంచి దూరం పోయేకొద్దీ వాలు ఎంత వేగంగా పడిపోతుందో చూశాం. అంటే తాడు కట్టి వదిలిన పరికరం ఒక పడవ పక్కన పచ్చగా ఉన్నా, నాలుగు బారల దూరంలో ఇంకో పడవ కింద పరిస్థితి వేరుగా ఉండవచ్చు. ఈదే పిల్లలు ఒకచోట ఉండరు. పరికరాన్ని పెట్టిన చోటే ఈదండని చెబితే వినే పిల్లలు నాకు తెలిసి ఎక్కడా లేరు.

అయినా ఉండటం మంచిది కదా?

దీనికి ఎదురయ్యే వాదన బలమైనదే. జనం ఎలాగూ రేవుల దగ్గర ఈదుతారు, బోర్డులు పెట్టినా ఈదుతారు. అలాంటప్పుడు ఏదో ఒక హెచ్చరిక ఉండటం అసలు లేకపోవడం కంటే మేలు కాదా? రేవు గుంజకు బిగించి రాత్రింబవళ్లు పనిచేసే రకం పరికరం విషయంలో ఈ వాదనను కొంతవరకు ఒప్పుకుంటాను. అది పైన చెప్పిన కాలం చిక్కును చాలావరకు తీరుస్తుంది. అర్ధరాత్రి మోగినా యజమానికి లోపం సంగతి తెలుస్తుంది, మరమ్మతు జరుగుతుంది. రేవు మీద నడుస్తూ జారి నీటిలో పడేవారు కూడా ఉంటారు, వారి కోసమూ అది మంచిదే. నేను ఒప్పుకోనిది దాన్ని ఈతకు అనుమతి పత్రంలా వాడుకోవడాన్ని. పరికరం లేని రోజుల్లో భయంతో పిల్లల్ని ఆపిన తల్లిదండ్రులు, అది కొన్నాక ధైర్యంగా దింపితే, అంతకు ముందు లేని ప్రమాదంలోకి వారిని తోసినట్టే. అమెరికాలో పడవల భద్రత కోసం పనిచేసే సంస్థలు కరెంటు ఉన్న రేవుల దగ్గర అసలు ఈదవద్దనే చెబుతున్నాయి.

ఇంకో వాదన: ఆర్‌సీసీబీ లాంటిది పెడితే సరిపోతుంది కదా, ఈ దీపాలన్నీ ఎందుకు? ఇది అసలు విషయానికి మరింత దగ్గరగా వచ్చే ప్రశ్న. లీకేజీని నీటిలో వెతకడం కంటే అది బయలుదేరే చోట పట్టుకోవడం ఎన్నో రెట్లు తేలిక. వైరులో వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా లేకపోతే తేడా ఎక్కడో బయటికి పోతోందన్నమాట. ఆ తేడాను గమనించి సెకనులో చిన్న భాగంలో లైనును కోసేయడమే ఆర్‌సీసీబీ పని. 1961లో ఇలాంటి పరికరానికి అమెరికాలో రూపం ఇచ్చింది కూడా ఆ డాల్జియెల్లే. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి 2011 కూర్పులో పడవల రేవులకు 100 మిల్లీ ఆంపియర్ల హద్దుతో ఈ రక్షణను అడిగింది, 2017లో దాన్ని 30కి దించింది. అప్పుడు రేవు యజమానులు గోల పెట్టారు. పాతిక పడవలు ఒకే లైను మీద ఉంటే, ఒక్కొక్క దాని నుంచి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల మామూలు లీకేజీ కలిసి, లోపం లేకుండానే లైను మాటిమాటికీ పడిపోతుందన్నారు. అందులో నిజం ఉంది. అందుకే 2020 కూర్పు ప్రధాన లైనుకు 100, ఒక్కో పడవ సాకెట్‌కు 30 అని విడదీసింది. సాకెట్లు మూడు దాటిన రేవులో లీకేజీని కొలిచే మీటరు ఉండి తీరాలని కూడా చెప్పింది.

ఆ మీటరే, అంటే క్లాంప్ మీటరే, నా దృష్టిలో తేలే దీపాల కంటే విలువైనది. దాని దవడలను పడవ కేబుల్ మొత్తం చుట్టూ బిగిస్తారు. వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి అంతా బాగుంటే సున్నా చూపించాలి. ఏమైనా మిగిలితే అది మరో దారిన, చాలావరకు నీటి దారిన పోతున్న కరెంటు. ఏ పడవ లీకవుతోందో పేరు పెట్టి చెబుతుంది, దిక్కు చిక్కు లేదు, ఎవరూ నీటిలో చెయ్యి పెట్టక్కర్లేదు. పడవలోని ప్రతి పరికరాన్నీ ఒక్కొక్కటిగా నడిపిస్తూ కొలిస్తే థర్మోస్టాట్ చాటున దాగిన లోపం కూడా బయటపడుతుంది. దీనికి ఆకర్షణ తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. తేలే దీపాలు అమ్ముడుపోయినంతగా ఇది ఇళ్లకు చేరకపోవడానికి కారణం బహుశా అదే.

మూడో మాట కూడా వినిపిస్తుంది: మాది సముద్రపు రేవు కదా, మాకెందుకు? నది సముద్రంలో కలిసే చోట, వానాకాలంలో, పైన మంచినీరు, కింద ఉప్పునీరు పొరలుగా ఉంటాయి. ఈదేది పై పొరలో. నిన్న ఉప్పగా ఉన్న రేవు నేడు సరస్సులా ప్రవర్తించవచ్చు.

[పెట్టెలో] నీటిలో జివ్వుమంటే

రేవు వైపు, ఇనుప మెట్ల వైపు వెళ్లకండి. వచ్చిన దారినే వెనక్కి, రేవుకు దూరంగా ఈదండి. కాళ్లు ముడుచుకుంటే ఒంటి పొడవునా పడే వోల్టేజీ తగ్గుతుంది. ఒడ్డున ఉన్నవారు వెంటనే నీటిలోకి దూకకూడదు. కాపాడబోయి తామూ చిక్కుకున్న సంఘటనలున్నాయి. ముందు ఒడ్డు మీది మెయిన్ ఆపాలి, పడవల కేబుళ్లు పీకేయాలి, తేలే ట్యూబో తాడో విసరాలి, అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి. కరెంటు ఆగిందని రూఢి అయ్యాక మనిషిని బయటికి లాగి, ఊపిరి ఆడకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి.

మన నీళ్ల దగ్గర

తెలుగు నేల మీద ఒడ్డు కేబుల్ తగిలించుకుని నెలల తరబడి నిలిచి ఉండే పడవలు చాలా తక్కువ. కాబట్టి అమెరికా సరస్సుల ప్రమాదం యథాతథంగా ఇక్కడ లేదు. దాని వెనుక ఉన్న భౌతిక సూత్రం మాత్రం ఎక్కడైనా ఒకటే, మన వోల్టేజీ వాళ్లదానికి దాదాపు రెట్టింపు. అపార్ట్‌మెంట్లలోని ఈతకొలనుల్లో నీటి అడుగున దీపాలుంటాయి, పంపులుంటాయి, స్టీలు మెట్లుంటాయి. కొలను నీటిలో కలిపే రసాయనాల వల్ల దాని వాహకత చెరువు నీటి కంటే ఎక్కువే, అయినా మామూలుగా మన ఒంటి కంటే తక్కువే. అంటే ఒళ్లు ఇంకా పిల్లకాలువే. కొలనులకు మంచి ఇంజనీరింగ్ జవాబు రెండు భాగాలుగా ఉంటుంది: దీపాలను 12 వోల్టుల మీద నడపడం, మెట్లు, కమ్మీలు, అడుగు కాంక్రీటులోని ఇనుప చువ్వలు, పంపు ఒళ్లు అన్నింటినీ ఒకే రాగి తీగతో కలిపేయడం. అన్నీ కలిస్తే వాటి మధ్య వోల్టేజీ తేడా ఉండదు, వాలే లేనప్పుడు కరెంటు ఒంట్లోకి పారదు. కొలను కొత్తదైనా పాతదైనా, ఈ తీగ ఉందా అని సంఘం వారు బిల్డరును అడగవచ్చు. జవాబు చెప్పలేకపోతే అదీ ఒక జవాబే.

ఇంతకంటే పెద్ద సంగతి తాత్కాలిక లైన్లది. వినాయక నిమజ్జనం రాత్రుల్లో చెరువు గట్ల మీద, పుష్కరాల రోజుల్లో ఘాట్ల పొడవునా, వేల దీపాలు కొద్ది రోజుల కోసం బిగిస్తారు. ఇనుప కమ్మీలు నీటిలోకి దిగి ఉంటాయి, కేబుళ్లు తడి మెట్ల మీద పడి ఉంటాయి, మెడలోతు నీటిలో జనం. 2027లో గోదావరి పుష్కరాలు రాబోతున్నాయి. అక్కడ తేలే దీపాలను నమ్ముకోవడం కుదరదు. ఒక్కో ఘాట్ వైరింగ్‌కు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, నీటిలోకి దిగిన ప్రతి కమ్మీకీ ఎర్తింగ్, జనం దిగేముందు ప్రతి లైను మీదా క్లాంప్ మీటరుతో ఒక కొలత కావాలి. ఆర్‌సీసీబీ ముఖం మీద ‘టి’ అని రాసిన చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే పరికరం తనలో తానే ఒక చిన్న లీకేజీని సృష్టించుకుని పడిపోవాలి. పడిపోతే దాని లోపలి యంత్రం పనిచేస్తోందని అర్థం. ఎర్తింగ్ బాగుందో లేదో ఆ మీట చెప్పదు, దానికి వేరే మీటరుతో కొలవాల్సిందే.